ఒకటి కొడితే ఆగాలె

మా ఆయన చేతికి కొత్త వాచీ కట్టిన వారంలోనే, పినపాకలో మా వీధి వాళ్లందరూ ఆయనకు గుండెజబ్బు వచ్చిందని తీర్మానించేశారు. పొద్దున నడకకు వెళ్లిన మనిషి ఉన్నట్టుండి టక్కున ఆగిపోయేవాడు. కాసేపు అలాగే నిలబడి, అటూ ఇటూ చూసి, మళ్లీ కదిలేవాడు. నాలుగిళ్లు దాటాడో లేదో మళ్లీ ఆగేవాడు. పాలు పోసే ఆమె గిన్నె కింద పెట్టి, గొంతు తగ్గించి నాతో అంది: "టీచరమ్మా, సారుకు పానం మంచిగుంటలేదా ఏంది? దవాఖానాకు తీస్కపోరాదు."

"ఆయనకేమైంది, గుండ్రాయి లెక్క ఉన్నడు" అన్నాను, ఆయన పక్కనే కూర్చుని ఉండగానే. గొంతు తగ్గించాల్సిన అవసరం మా ఇంట్లో లేదు. ఆయనకు మాటలు సరిగా వినపడక అప్పటికి చాలా ఏళ్లయింది.

నేను ఇక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆయన బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాడు. మా వైపు గని అని ఎవరూ అనరు, బాయి అనే అంటారు. ఆయన ఉద్యోగం సగం కొత్తగూడెం వైపు భూమి లోపలి బాయిలో హాలేజీ ఇంజను దగ్గర గడిచింది, మిగిలిన సగం పైనుంచి తవ్వే మణుగూరు ఓపెన్‌కాస్టులో డ్రిల్లు మిషను పక్కన. ఇంజను రొద ఒక చెవిని తిన్నది, డ్రిల్లు రెండో చెవిని తిన్నది. చెవి మిషను పెట్టుకొమ్మని నేనూ, ఖమ్మంలో ఉద్యోగం చేసే మా అమ్మాయీ ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. ఈ సామెత ఆయన మీద నేను వాడితే ఆయనే ముందు నవ్వేవాడు.

"చెవుల గింజ పెట్టుకుంటే ముసలోడని మెడల బోర్డేసుకున్నట్టే. నీ మాట నాకు ఇనపడుతనే ఉన్నది గదా" అనేవాడు.

నా మాట వినపడదు, నా పెదాలు కనపడతాయి. ఇన్నేళ్ల కాపురంలో నేనేం అంటానో ఆయనకు ముందే తెలుసు, అందుకని మా ఇద్దరికీ సరిపోయేది. సరిపోనిది బయట. ఒకప్పుడు ఆయన టీ కొట్టు దగ్గర కూర్చున్నాడంటే ఆ బెంచీ మీద ఇంకొకరికి చోటుండేది కాదు. బాయి ముచ్చట్లు చెప్పి నవ్వించి చంపేవాడు. అలాంటి మనిషి, ఎవరేమన్నా తల ఊపడం మొదలుపెట్టాడు. తర్వాత బెంచీ చివరికి జరిగాడు. ఆ తర్వాత టీ ఇంట్లోనే తాగసాగాడు. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ ఆయన మనుషుల్లోంచి వెళ్లిపోతున్నాడని నాకు భయంగా ఉండేది. నా భయం కోపంగానే బయటికి వస్తుంది, అది నా పుట్టుక. రోజూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆయనకు వినపడేది కాదు కాబట్టి మా ఇంట్లో గొడవలు లేవు.

వాచీ కథకు కారణం ఒక వానాకాలం సాయంత్రం. పురుగుమందు తెస్తానని స్కూటర్ మీద మణుగూరు వెళ్లిన మనిషి చీకటి పడేదాకా రాలేదు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. అది మోగుతూనే ఉంది. చివరికి షేర్ ఆటో ఎక్కి నేనే వెతుక్కుంటూ పోతే, వాన తగ్గేదాకా ఒక దుకాణం అరుగు మీద హాయిగా మక్కకంకి తింటూ కనపడ్డాడు. ఫోన్ స్కూటర్ డిక్కీలో ఉంది.

"జేబుల పెట్టుకోవద్దా?" అని అరిచాను.

"మోగినా ఇనపడనిదాన్ని మోసుడెందుకు?" అన్నాడు.

ఆ మాటను ఫోన్‌లో అమ్మాయికి అప్పజెప్పాను. జవాబు అది తెచ్చింది. మరుసటి నెల వచ్చినప్పుడు ఈ స్మార్ట్ వాచీ తెచ్చి, ఫోన్‌కు జత చేసి, నాన్న చేతికి కట్టి, లోపలి గదిలోకి పోయి ఫోన్ చేసింది. వాచీ ఆయన మణికట్టు మీద గుర్రుగుర్రుమంది. ఆయన ముఖం చూడాలి అప్పుడు! చేతి మీద పిట్ట వాలినంత సంబరపడ్డాడు. "మళ్ల చెయ్యి, మళ్ల చెయ్యి" అని అమ్మాయితో పది సార్లు చేయించాడు.

అమ్మాయి ఖమ్మం వెళ్లిపోయింది. వాచీతో కాపురం నా నెత్తిన పడింది.

మొదట బ్యాటరీ. వారం వస్తుందని డబ్బా మీద రాసి ఉంది. మాకు ఒక రోజు కూడా వచ్చేది కాదు. ఎందుకంటే ఆయన చెయ్యి ఎత్తి దింపిన ప్రతిసారీ దానికి వెలుగు వస్తుంది, ఆ వెలుగు చూసుకోవడానికి ఆయన మళ్లీ చెయ్యి ఎత్తుతాడు. ఛార్జింగ్ బిళ్లకు అయస్కాంతం ఉంటుంది, అది రెండు పిన్నుల దగ్గర సరిగ్గా అతుక్కుంటేనే ఎక్కుతుంది. వంకరగా పెడితే ఎక్కినట్టే ఉండి ఎక్కదు. పొద్దున్నే లేచి, "టబ్బు నిండిందా?" అని అడిగేవాడు. టబ్బు అంటే బాయిలో బొగ్గు నింపే బండి. నిండకపోతే ఆ పూట నాకు మాట పడేది, నేను రెండు అప్పజెప్పేదాన్ని.

తర్వాత బ్లూటూత్. ఒక శనివారం వాచీకి ఫోన్ దొరకడం లేదని నేను జాబితాలో కనపడిన పేర్లన్నీ నొక్కాను. ఎప్పుడో పక్కింటి వాళ్లు కొత్త స్పీకర్ కొన్నప్పుడు మా ఫోన్‌తోనే పరీక్షించారట, ఫోన్ దాన్ని గుర్తుపెట్టుకుని ఇప్పుడు దానికే జత కలిసింది. ఆ సమయంలోనే ఆయన బాయి దోస్తు ఒకడు గొంతు మెసేజీ పెట్టాడు. నేను దాన్ని నొక్కితే మా ఫోన్‌లో ఏమీ వినపడలేదు. పక్కింట్లో భజనకు కూర్చున్న ఆడవాళ్లందరికీ మాత్రం, "ఏందిరా దున్నపోతా, ఇంకా లేవలేదా?" అని మైకు పెట్టినట్టు వినపడింది. ఆ ఇంటావిడ నన్ను చాలా రోజులు అదోలా చూసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన ఆగిపోవడం ఒక ఎత్తు. పాలామె అన్న తర్వాత నేను కూడా గమనించడం మొదలుపెట్టాను. ఒక పొద్దున బోరు దగ్గర నుంచి బిందె మోసుకొస్తూ వాకిట్లో ఆగిపోయాడు. బిందె భుజం మీద, ఒక కాలు గడప మీద. నీళ్లు కారుతున్నాయి, మనిషి కదలడు.

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. "ఏందయ్యా, ఎందుకు ఆగినవ్? కండ్లు తిరుగుతున్నయా?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఒకటి కొట్టింది గదా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. బాయిలో హాలేజీ ఇంజను పైన ఉంటుంది. దాని తాడు బొగ్గు బండ్లను వాలులో కిందికి దించుతుంది, పైకి లాగుతుంది. ఇంజను నడిపేవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు. కింది వాళ్లు తీగ తాకించి గంట కొడతారు. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే లాగాలి. రెండుకూ మూడుకూ ఒక క్షణం ఆలోచించవచ్చు గానీ ఒకటికి ఆలోచన లేదు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగడం లేదు. ఆపేయడమే. ఆయన అలా ఏళ్ల తరబడి ఆపాడు. వాచీ, ఫోన్ కాల్ వస్తే ఆగకుండా గుర్రుమంటుంది. మెసేజీ వస్తే ఒక్కటే సారి కొడుతుంది. రిటైరైన బాయి దోస్తుల గ్రూపులో పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరు గులాబీ పువ్వు బొమ్మ మీద శుభోదయం రాసి పంపుతారు. ఆయన ఫోన్ జేబులో వేసుకుని నడకకు వెళ్లే వేళ అదే.

"అది గుడ్ మార్నింగయ్యా!" అని నవ్వలేక చచ్చాను. "పువ్వు బొమ్మకు ఆగుతవా నువ్వు?"

"నాకు తెల్వదా అది గుడ్ మార్నింగని? నేను ఆగుతలేను. కాలు ఆగుతున్నది" అన్నాడు, బిందె దించుతూ.

ఆ రోజంతా తలుచుకుని నవ్వాను. అమ్మాయికి ఫోన్ చేసి చెబితే అదీ నవ్వింది. ఆ తర్వాత అన్నం తింటూ ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగినా, చీపురు పట్టుకుని ఆగినా, "కానియ్, రెండు కొట్టిన్రు" అనేదాన్ని. పెదాలు చూసి ఆయనా నవ్వేవాడు. మా ఇంట్లో అంత నవ్వు చాలా కాలానికి వచ్చింది.

నవ్వు మణుగూరు సంత రోజు ఆగిపోయింది. స్కూటర్ రోడ్డుకు ఇవతల పెట్టి నేను కూరగాయల దగ్గర ఉన్నాను. ఆయన బజ్జీల బండి కోసం రోడ్డు దాటుతున్నాడు. స్కూటర్ ఎక్కినప్పటి అలవాటు ప్రకారం ఫోన్ డిక్కీలోనే ఉంది. వాచీ ఫోన్‌కు దూరం జరిగితే జత తెగిపోతుందని, తెగినప్పుడు ఆ సంగతి చెప్పడానికి అదీ ఒకటి కొడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. డిక్కీకీ బజ్జీల బండికీ మధ్య ఎక్కడ జత తెగాలో సరిగ్గా అక్కడే, నడిరోడ్డు మీద తెగింది. ఆయన ఆగిపోయాడు. ఇసుక లారీ హారన్ కొడుతూ వస్తోంది. సంతలో వాళ్లందరికీ ఆ హారన్ వినపడింది, ఆయనకు తప్ప.

లారీ బ్రేకు వేసింది. డ్రైవర్ తల బయటపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను సంచి అక్కడే పడేసి పరిగెత్తి ఆయన్ను చెయ్యి పట్టి పక్కకు లాగాను. జనం చూస్తున్నారని కూడా లేకుండా, "చచ్చేటోనివి గదా! లారీ మీదికొస్తుంటె నిలబడుతవా?" అని భుజం మీద కొట్టాను.

ఆయన ముఖం పాలిపోయి ఉంది. చిన్నగా అన్నాడు: "ఒకటి కొట్టినంక కదిలితే కింద మనిషి చస్తడు. గట్ల అలవాటైపోయింది."

అప్పటికప్పుడు ఆయన్ను వాచీల దుకాణానికి తీసుకుపోయాను. ఆ దుకాణం నడిపే భాయ్ వాళ్ల నాన్న మా పెళ్లి వాచీకి చాబీ బాగుచేసిన మనిషి. ఇప్పుడు భాయ్ ఫోన్లూ, ఇయర్‌ఫోన్లూ, ఇలాంటి వాచీలూ చూస్తున్నాడు. నా కష్టం చెప్పుకుంటే తన చెయ్యి చూపించాడు. రోలు పోయి మద్దెలతో మొర పెట్టుకున్నట్టయింది. "నాది గూడ గంతేనమ్మా. నమాజుకు కూసుంటనే గుర్రుమంటది" అన్నాడు. కానీ పని తెలిసినవాడు. ఫోన్ తీసుకుని గ్రూపుల మెసేజీలు వాచీకి రాకుండా ఆపాడు. జత తెగితే కొట్టే గంటనూ ఆపాడు. మధ్యమధ్య నేను చేసే ఫోన్ కూడా వాచీకి చేరకుండా పోయేది, అదెందుకో కూడా చెప్పాడు: "ఫోను తన బ్యాటరీ మిగుల్చుకోనీకి వాచీ యాపును పండబెడుతున్నదమ్మా. ఇగ పండుకోకుండ పెట్టిన." చివరికి వాచీ నేను చేసినప్పుడూ, అమ్మాయి చేసినప్పుడూ తప్ప మోగదని చేతిలో పెట్టాడు. నేను మా దర్జీతో ఆయన చొక్కాలన్నిటికీ ఫోన్ జేబుకు గుండీ కూడా కుట్టించాను. ఇక డిక్కీ మాట లేదు.

నాకు యుద్ధం గెలిచినట్టుంది. ఆయన నడకకు వెళ్లి ఎక్కడా ఆగకుండా నడిచి వస్తున్నాడు. పాలామె, "సారు మంచిగైండు" అంది. బ్యాటరీ కూడా మూడు రోజులు వస్తోంది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం చూస్తే వాచీ అలమారలో ఉంది. ఛార్జింగ్‌కు పెట్టాడేమో అనుకున్నాను. మర్నాడూ అక్కడే ఉంది. చేతికి కట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా గమనిస్తే, నడకకు కూడా వెళ్లడం లేదు. వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు కూడా చూడకుండా కూర్చుంటున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

నాకు మండిపోయింది. పోయి ఆయన ముందు పీట వేసుకుని కూర్చున్నాను. "ఇంత తిరిగి బాగుచేయిస్తే అలమారల పెడుతవా? ఎందుకు కట్టుకుంటలేవు?"

అడిగిందే అడిగాను. అప్పుడు అన్నాడు.

"కట్టుకుంటే గంట కొట్టని ఇంజను కాడ కూసున్నట్టున్నది, టీచరూ. కింద మనుషులున్నరో పోయిన్రో తెల్వదు."

నేను గుడ్ మార్నింగ్ అని నవ్విన ప్రతి గంటా ఆయనకు ఒక మనిషి. ఎవడో ఒకడు తనను తలుచుకుని కొడుతున్నాడని ఆయన ఆగుతున్నాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా చప్పుడు లేని ఇంట్లో ఆయనకు చేరుతున్నది ఆ ఒక్కటే. దాన్ని నేను దగ్గరుండి, భాయ్‌కి చెప్పి మరీ ఆపించాను. ఆయన్ను బతికించుకోవాలనే ఆపించాను, అందులో తప్పు లేదు. కానీ ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపు వచ్చింది. మోకాలి మీద చెయ్యి వేశాను.

"గ్రూపు మళ్ల పెట్టిస్త. కానీ నా మాట గూడ ఒకటి వినాలె" అన్నాను. "నీ దోస్తులు కొట్టుడే నీకు తెలుస్తున్నది. ఏమంటున్నరో తెలుస్తలేదు. నువ్వు చెవులు చూపించుకో."

"బేరమా?" అన్నాడు.

"అవ్, బేరమే."

రెండు రోజులు అలిగాడు. మూడో రోజు చొక్కా జేబు గుండీ పెట్టుకుంటూ, "ఖమ్మం బస్సు ఎప్పుడున్నది?" అన్నాడు. నేను అప్పటికే సంచి సర్దిపెట్టి ఉన్నాను, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఖానాపురం హవేలిలో అమ్మాయి ఇంట్లో దిగి, మర్నాడు ముగ్గురం చెవుల దవాఖానాకు పోయాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయట నుంచి చూస్తున్నాను. చాలాసేపు ఆయన వేలు కదలలేదు. ఆ వేలినే చూస్తూ నేను చీర కొంగు మెలిపెట్టి మెలిపెట్టి ముడతలు చేశాను. పరీక్ష చేసిన పిల్ల బయటికి వచ్చి, పూర్తిగా పోలేదని, మిషను పెడితే చాలావరకు వినపడుతుందని చెప్పింది. చిక్కుడు గింజంత మిషన్లు రెండు తెచ్చి చూపించింది. "ఇవి కూడా బ్లూటూత్‌వే సార్. ఫోన్‌కు జత చేస్తాం. రోజూ ఛార్జింగ్ పెట్టుకోవాలి" అని కాగితం మీద రాసి చూపించింది.

ఆయన అది చదివి నా వైపు తిరిగాడు. "ఇంకో బ్లూటూతా! నీ పని అయిపోయింది పో" అన్నాడు. మా అమ్మాయి పగలబడి నవ్వింది.

రెండు చెవుల్లోనూ పెట్టి, కంప్యూటర్‌లో ఏదో సరిచేసి, ఆ పరీక్ష చేసే పిల్ల నాతో అంది: "ఏమన్నా మాట్లాడండమ్మా. మామూలుగా, గట్టిగా కాకుండా."

జీవితమంతా క్లాసులో గొంతు చించుకున్నదాన్ని. ఇంట్లో ఆయనకు వినపడదని తెలిసీ రోజంతా వాగినదాన్ని. నాకు ఒక్క మాట రాలేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఆఖరుకు, "ఏమయ్యా, ఇనపడుతున్ననా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. అలవాటుగా నా పెదాల వైపు చూస్తున్నవాడు తల ఎత్తి నా కళ్లలోకి చూశాడు.

"నీ గొంతు ముసలిదయ్యింది, టీచరూ" అన్నాడు.

అమ్మాయి మళ్లీ నవ్వబోయి ఆగిపోయింది. నేను ఏదో అనబోయాను. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఇన్నేండ్లు నువ్వు మూతి కదిపితే నాకు పాత గొంతే ఇనపడుతుండె. పెండ్లైనప్పటిది. ఇది ఎప్పుడు మారిందో నాకు తెల్వకనే పాయె." నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక జర మాట్లాడు."

సాయంత్రం అమ్మాయి ఇంట్లో దోసకాయ పప్పు వండాలని, పోయేటప్పుడు చింతపండు కొనుక్కుపోవాలని చెప్పడం మొదలుపెట్టాను. ఆయన తల వంచుకుని వింటూ ఉన్నాడు.